పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది, ఇప్పుడేం చదవాలి? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటర్వ్యూల గురించే. కాలేజీలు వదిలి పిల్లలు హైదరాబాద్ చేరే రోజులు కదా, ఎస్.ఆర్.నగర్, కేపీహెచ్‌బీ హాస్టళ్లలో ఎవరిని కదిపినా ఇదే టెన్షన్. చాలా ఏళ్లు ఇంటర్వ్యూ బల్లకి అటువైపు కూర్చున్నదాన్ని కాబట్టి, అక్కడ మేం ఏం చూస్తామో దాచకుండా చెప్తాను.

ప్రశ్న: మేడం, మాది జగిత్యాల దగ్గర పల్లె. ఈ ఏడాదే బీటెక్ సీఎస్‌ఈ అయిపోయింది. ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో ఉండి అమీర్‌పేటలో జావా కోర్సు చేస్తున్నాను. ఒక పెద్ద ఎంఎన్‌సీ ఆన్‌లైన్ టెస్టులో పాసయ్యాను, ఇంకో రెండు వారాల్లో గచ్చిబౌలి ఆఫీసులో ఇంటర్వ్యూ. ఫ్రెండ్స్ ఒక్కొక్కరు ఒక్కో పీడీఎఫ్ పంపిస్తున్నారు. 'టాప్ 500 ప్రశ్నలు' అని ఉంటుంది, తెరిస్తేనే భయమేస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, ఎస్.ఆర్.నగర్

జవాబు: ఆ పీడీఎఫ్‌లన్నీ ఇవాళ్టికి పక్కన పెట్టమ్మా. నీ రెజ్యూమే ప్రింట్ తీసుకుని ఎదురుగా పెట్టుకో. ఇంటర్వ్యూ చేసేవాళ్ల చేతిలో ఉండే ప్రశ్నపత్రం అదే. ప్రతి లైను కింద గీత గీసి, 'దీని మీద పది నిమిషాలు ఎవరైనా తవ్వితే నేను చెప్పగలనా?' అని చూసుకో. చెప్పలేని లైను ఉంటే రెండే దారులు, నేర్చుకోవడమో తీసేయడమో. పైథాన్, జావా, సి, సి ప్లస్ ప్లస్, రియాక్ట్, ఏడబ్ల్యూఎస్, మెషీన్ లెర్నింగ్ అని వరసగా పేర్చిన రెజ్యూమేలు రోజూ వస్తుంటాయి. అందులో ఏది వదిలేస్తే బాగుండేదో సరిగ్గా దాని మీదే మొదటి ప్రశ్న పడుతుంది. జావా, ఎస్‌క్యూఎల్ రెండే రాసి, ఆ రెండూ గట్టిగా వచ్చిన పిల్లని మేం ఎంతో ఇష్టంగా ముందు రౌండుకి పంపుతాం.

తర్వాత నీ ఫైనలియర్ ప్రాజెక్టు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఒక ఉదాహరణ చెప్తాను. రెజ్యూమేలో 'కాలేజీ అటెండెన్స్ యాప్' అని ఉంది, నలుగురు కలిసి చేశారు. ప్రాజెక్టు గురించి చెప్పమంటే 'మేము డేటాబేస్ పెట్టాం, మేము లాగిన్ పేజీ చేశాం, మేము టెస్ట్ చేశాం' అని గడగడా వస్తుంది. సరేనమ్మా, ఇందులో నువ్వు చేసిందేమిటి అని అడిగితే మౌనం. ఆ మౌనం రాకూడదు. నలుగురిలో నీ వంతుకి ఏ ముక్క వచ్చింది, టేబుళ్లు ఎన్ని, వాటిలో ఏమేం కాలమ్స్ పెట్టారు, ఒకే విద్యార్థికి ఒకే గంటలో రెండుసార్లు హాజరు పడకుండా ఏం చేశారు, మైఎస్‌క్యూఎల్ ఎందుకు వాడారు, డెమో రోజు ఏది పనిచేయలేదు, దాన్ని ఎలా సరిచేశారు – ఇవి ఒక కాగితం మీద నీ చేత్తో రాసుకో. ఒకవేళ ఆ ప్రాజెక్టు అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కొన్నదైతే (చాలామంది కొంటారని మాకు తెలుసు), ఇప్పుడు కూర్చుని ఆ కోడ్ మొత్తం నీ లాప్‌టాప్‌లో నడిపించి చూడు. ఒక చిన్న ఫీచర్ నువ్వే చేర్చు, నెలవారీ హాజరు శాతం లెక్క వేసే పేజీ లాంటిది ఏదైనా సరే. దాని గురించి మాట్లాడేటప్పుడు నీ గొంతులో వచ్చే ధైర్యం వేరుగా ఉంటుంది, వినేవాళ్లకి అది ఇట్టే తెలుస్తుంది.

ఇక కోడింగ్ రౌండు. ఇందులో అందరూ జవాబు వస్తే పాస్, రాకపోతే ఫెయిల్ అనుకుంటారు. నిజానికి ఇది టెన్త్ లెక్కల పరీక్ష లాంటిది, స్టెప్పులకి మార్కులుంటాయి. నీ తలలో ఏం నడుస్తోందో పైకి చెప్తూ చేయాలి. తెలిసిన ప్రశ్నే తీసుకుందాం: కొన్ని అంకెల లిస్టు ఇచ్చి, ఏ రెండింటిని కలిపితే 10 వస్తుందో చెప్పమంటారు. వెంటనే టైప్ చేయడం మొదలుపెట్టకు. ముందు అడుగు. లిస్టులో మైనస్ అంకెలు కూడా ఉంటాయా? ఒకే అంకె రెండుసార్లు రావచ్చా? జవాబు లేకపోతే ఏం ఇవ్వాలి? ఇలా అడిగితే తెలియదనుకుంటారేమో అని చాలామంది జంకుతారు, కానీ ఉద్యోగంలో రోజూ చేయాల్సింది ఇదే కదా, పని ఇచ్చిన మనిషిని సరిగ్గా అడిగి తెలుసుకోవడం. తర్వాత సులువు దారి చెప్పు: ప్రతి అంకెనీ మిగతా ప్రతి అంకెతో కలిపి చూస్తాను, రెండు లూపులు, లిస్టు పెద్దదైతే నెమ్మదిస్తుంది. అది చెప్పాక మెరుగైన దారి: 3 కనిపిస్తే నాకు కావాల్సింది 7, అది ఇంతకుముందు చూశానా లేదా అన్నది హాష్‌మ్యాప్‌లో (చూసినవాటిని వెంటనే దొరికేలా దాచుకునే పట్టిక) వెతుకుతాను, కాబట్టి లిస్టుని ఒక్కసారి తిరిగితే చాలు. కోడ్ రాశాక 'అయిపోయింది' అని చేతులు కట్టుకోకుండా, ఖాళీ లిస్టు ఇస్తే ఏమవుతుందో, 5 ఒక్కటే ఉంటే దాన్నే రెండుసార్లు లెక్కేస్తున్నామేమో నువ్వే చూసి చెప్పు. ఇంత చేసిన అమ్మాయి చివర్లో ఒక సెమీకోలన్ మర్చిపోయినా ఎవరూ పట్టించుకోరు.

చదవాల్సినవి అంటావా, రెండు వారాల్లో సముద్రం ఈదలేవు. అర్రేలు, స్ట్రింగులు, హాష్‌మ్యాప్, లింక్డ్ లిస్ట్, స్టాక్, క్యూ, బైనరీ సెర్చ్, ట్రీల మీద తేలికపాటి ప్రశ్నలు. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు, గ్రూప్ బై, వేర్‌కీ హ్యావింగ్‌కీ తేడా. జావాలో ఊప్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) సూత్రాలు, ఎక్సెప్షన్లు, కలెక్షన్లు. ఓఎస్‌లో ప్రాసెస్‌కీ థ్రెడ్‌కీ తేడా. వీటిలో రోజుకి రెండు మూడు లెక్కలు, పెన్నుతో కాగితం మీద, మీ రూమ్మేట్‌కి పైకి చెప్తూ చేయి. ఆమెకి కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు.

ఇంకొక్క మాట. పెద్ద కంపెనీ అన్నంత మాత్రాన అన్నీ ఒకేలా అడగవు. టీసీఎస్, ఇన్ఫోసిస్, కాగ్నిజెంట్ లాంటి సర్వీస్ కంపెనీలు (వేరే కంపెనీల పని చేసిపెట్టేవి) ఫ్రెషర్లలో ముఖ్యంగా బేసిక్స్, మాట్లాడే తీరు, నేర్చుకునే ఓపిక చూస్తాయి, చేరాక వాళ్లే ట్రైనింగ్ ఇస్తారు. ప్రొడక్ట్ కంపెనీలు (సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసేవి) కోడింగ్ మీద ఎక్కువసేపు నిలబెడతాయి. మైక్రోసాఫ్ట్ 1998 నుంచి ఇక్కడ తన ప్రొడక్టుల మీదే పని చేయిస్తోంది, ఆ తరహా ఇంటర్వ్యూలో ఒక్క లెక్క మీదే ముప్పావుగంట గడిచిపోవచ్చు. బ్యాంకుల, మందుల కంపెనీల సొంత టెక్ కేంద్రాలైతే (వీటినే ఇప్పుడు జీసీసీలు అంటున్నారు) వాళ్ల వ్యాపారం మీద కాస్తయినా అవగాహన ఉందా అని చూస్తాయి. అమెజాన్ తన 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్‌ని (పని ఎలా చేయాలో చెప్పే సూత్రాలు) వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టింది, కోడింగ్ కాకుండా అడిగే ప్రశ్నలు చాలావరకు వాటి చుట్టూనే తిరుగుతాయి. నిన్ను పిలిచిన కంపెనీ ఏ రకమో వాళ్ల కెరీర్స్ పేజీలో ఒక గంట కూర్చుంటే తెలిసిపోతుంది. ఆ గంట మాత్రం తప్పకుండా పెట్టు.

ప్రశ్న: అక్కా, నేను టెన్త్ దాకా తెలుగు మీడియం, నల్గొండ జిల్లా. డిగ్రీలో ఇంగ్లిష్ మీడియం అని పేరే గానీ సార్లు తెలుగులోనే చెప్పేవాళ్లు. సబ్జెక్టు వచ్చు. కానీ 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే గొంతు ఎండిపోతుంది. యూట్యూబ్‌లో చూసి ఒక పేరా బట్టీ పట్టాను, మధ్యలో ఒక్క మాట మర్చిపోతే మొత్తం ఆగిపోతోంది.
– ఒక పాఠకుడు, కేపీహెచ్‌బీ

జవాబు: తమ్ముడూ, బట్టీ పట్టిన పేరాని ఈ రోజే వదిలెయ్. 'ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్, ఐ యామ్ ఎ టీమ్ ప్లేయర్, మై హాబీస్ ఆర్ లిజనింగ్ టు మ్యూజిక్' – ఈ పేరాని మేం ఒక్క రోజులోనే ఎంతమంది నోటో వింటాం. అది వింటూనే మా చెవులు మూసుకుపోతాయి, నీ తప్పేం లేకపోయినా సరే.

దాని బదులు నాలుగు విషయాలు ఎంచుకో: ఏం చదివావు, ఇప్పుడు ఏం నేర్చుకుంటున్నావు, నీ చేత్తో చేసిన పని ఏమిటి, ఈ ఉద్యోగం ఎందుకు కావాలి. ఒక్కో దానికి రెండేసి చిన్న వాక్యాలు. పెద్ద ఇంగ్లిష్ మాటలు వద్దు. రోజూ వేరే వేరే మాటల్లో చెప్పు, ఒకేలా చెప్పకు, అప్పుడు ఒక మాట జారినా ఇంకో మాట దొరుకుతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. మొదటి రెండు మూడు రోజులు నీ గొంతు నీకే నచ్చదు. ఆ తర్వాత ఎక్కడ తొందరపడుతున్నావో, ఎక్కడ మాట మింగేస్తున్నావో నీకే వినిపిస్తుంది.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది నీ గ్రామర్ కాదు (కస్టమర్‌తో రోజంతా మాట్లాడే ఉద్యోగమైతే తప్ప). నువ్వు చెప్పింది వాళ్లకి అర్థమవుతోందా, వాళ్లు అడిగింది నీకు అర్థమవుతోందా, అంతే. ప్రశ్న అర్థం కాకపోతే 'కుడ్ యు ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్' అని అడగడంలో నామోషీ ఏం లేదు. అర్థం కాకుండానే తల ఊపి ఇంకేదో చెప్పడమే నష్టం. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, 'కానీ నాకు దీనికి దగ్గరగా ఈ సంగతి తెలుసు' అని తెలిసింది చెప్పు. ఇంగ్లిష్ తడబడినా లాజిక్ శుభ్రంగా ఉన్న పిల్లల్ని, 'మాట్లాడటం ఆరు నెలల్లో వచ్చేస్తుంది, ఇది మాత్రం రాదు' అని పట్టుబట్టి తీసుకున్న మేనేజర్లు నాకు తెలుసు. నేనూ అలా పట్టుబట్టాను.

బయట నేర్చుకోవాలంటే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టాస్క్ కాలేజీ పిల్లలకి ట్రైనింగులు ఇస్తోంది, మీ కాలేజీ ప్లేస్‌మెంట్ సార్‌ని అడుగు. అన్నిటికన్నా మంచిది మాత్రం హాస్టల్లో ఇద్దరు ముగ్గురు కలిసి రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకోవడం. నవ్వుకోండి, తప్పులు మాట్లాడండి, ఆ గదిలో పోయేదేం లేదు.

ప్రశ్న: మేడం, పేరు రాయొద్దు. బీటెక్ అయి రెండేళ్లయింది, ఉద్యోగం లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతామంటున్నారు: ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్లే ఇస్తారట. డబ్బు సగం ముందు, సగం ఉద్యోగం వచ్చాక. ఇంటర్వ్యూలో పక్కనుంచి జవాబులు కూడా అందిస్తారట. మా రూములో ఇద్దరు ఇలాగే చేరారు. నాన్న అప్పు చేసైనా కడతానంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు బాబూ. మీ నాన్నగారిని ఆ అప్పు చేయనివ్వద్దు. ఈ జవాబు ఆయనకి కూడా చదివి వినిపించు.

ఇది ఎలా బయటపడుతుందో విడమర్చి చెప్తాను, ఎందుకంటే ఆ కన్సల్టెన్సీ వాళ్లు ఈ సంగతి చెప్పరు. పెద్ద కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌ని వేరే ఏజెన్సీకి ఇస్తాయి. ఆ ఏజెన్సీ నీ పీఎఫ్ చూస్తుంది. పీఎఫ్ కట్టే ఉద్యోగం చేసినవాళ్లకి యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు ఉంటుంది, అందులో ఏ కంపెనీలో ఏ తేదీన చేరావు, ఏ తేదీన మానేశావు అన్నీ కనపడతాయి. మూడేళ్లు చేశానని రాసి యూఏఎన్‌లో ఒక్క నెలా లేకపోతే మొదటి అనుమానం అక్కడే మొదలవుతుంది. తర్వాత ఫారం 26ఏఎస్ (ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ దగ్గర నీ పన్ను లెక్క) అడుగుతారు, జీతం మీద టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోసి ఉంటే అక్కడ కంపెనీ పేరుతో సహా ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు, నెలనెలా జీతం పడిన ఎంట్రీలు చూపించాలి. ఆ కంపెనీ అడ్రసుకి మనిషిని పంపి చూస్తారు. బోర్డు మాత్రమే ఉండి లోపల పని జరగని కంపెనీల పేర్లు ఏజెన్సీల దగ్గర లిస్టుగా ఉంటాయి. ఇవన్నీ చేరేముందే జరగాలని కూడా లేదు. చేరి ఆరు నెలలయ్యాక తేలి, ఆ రోజు మధ్యాహ్నమే ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తీసుకుని గేటు దాకా పంపించిన సంఘటనలు ఈ ఊళ్లో కొత్త కాదు. రిలీవింగ్ లెటర్ ఉండదు. ఆ ఆరు నెలలూ ఇంకెక్కడా చెప్పుకోలేవు. దొంగ కాగితాలు ఇచ్చినందుకు కేసు పెట్టే హక్కు కూడా కంపెనీకి ఉంటుంది.

ఒకవేళ బయటపడలేదనే అనుకుందాం. మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకిచ్చే పని నీకిస్తారు. దాన్ని చేయడానికి మళ్లీ అదే కన్సల్టెన్సీ వాళ్లని పట్టుకుని 'జాబ్ సపోర్ట్' పేరుతో నెలనెలా డబ్బు కట్టేవాళ్లున్నారు. మీ రూములో ఆ ఇద్దరినీ నిజం చెప్పమని అడుగు, రాత్రుళ్లు నిద్ర పడుతోందా అని.

రెండేళ్ల ఖాళీ నిన్ను భయపెడుతోందని అర్థమైంది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. ఆ రెండేళ్లలో ట్యూషన్లు చెప్పావా, ఇంటి వ్యాపారం చూసుకున్నావా, గవర్నమెంటు ఉద్యోగాలకి చదివావా – అదే చెప్పు. ఎక్కువమంది ఫ్రెషర్లని తీసుకునే కంపెనీలు ఏ సంవత్సరం పాసైనవాళ్లని పిలుస్తున్నాయో నోటిఫికేషన్‌లో చూసుకుని వాటికి దరఖాస్తు చెయ్. చిన్న కంపెనీలో తక్కువ జీతానికైనా, టెస్టింగో సపోర్టో, పీఎఫ్ కట్టే నిజమైన ఉద్యోగం దొరికితే చేరు. ఏడాదిన్నర తర్వాత అదే నిన్ను పెద్ద కంపెనీ గుమ్మం దాకా తీసుకెళ్తుంది, నేను చూసిన చాలామంది దారి ఇదే.

ఇదే సందర్భంలో అందరికీ చెప్తున్నా: ఇంటర్వ్యూకో, ట్రైనింగ్‌కో, ల్యాప్‌టాప్‌కో 'రీఫండబుల్ డిపాజిట్' కట్టమని ఏ పేరున్న కంపెనీ అడగదు. మెయిల్ వచ్చిన అడ్రసు చివర కంపెనీ సొంత డొమైన్ ఉందా, లేక జీమెయిల్ అని ఉందా చూడండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, గంటలోపే అయితే ఇంకా మంచిది, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: నాలుగేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. ఒక పెద్ద కంపెనీలో టెక్నికల్ రౌండ్లు అయిపోయాయి, హెచ్‌ఆర్ రౌండు మిగిలింది. 12 లక్షల ప్యాకేజీ అంటున్నారు. అంటే నెలకి లక్ష వస్తుందా? బేరం ఆడొచ్చా, ఆడితే ఆఫర్ పోతుందా?
– ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: లక్ష రాదండీ. అది చూసుకుని ఈఎంఐలు లెక్కేసుకోకండి. 12 లక్షల సీటీసీలో (ఏడాదికి మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) 10 శాతం వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చేది) అనుకోండి, అది 1,20,000, ఏడాది చివర్లో వచ్చినప్పుడు వచ్చినట్టు. బేసిక్ 5 లక్షలు అయితే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం అంటే 60,000, గ్రాట్యుటీ కింద 4.81 శాతం అంటే దగ్గర దగ్గర 24,000, ఇవి కూడా ఆ 12 లక్షల్లోవే. మిగిలిన 9,96,000లోంచి మీ వాటా పీఎఫ్ ఇంకో 60,000, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకి 200. ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త విధానంలో ఇప్పుడు ఈ మొత్తానికి పడదు. అంతా పోను చేతికొచ్చేది నెలకి 77,800 చిల్లర. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ని నెలకి 1,800 దగ్గరే ఆపేస్తాయి, అప్పుడు చేతికి ఇంకాస్త ఎక్కువొస్తుంది. అందుకే హెచ్‌ఆర్‌ని 'జీతం బ్రేకప్ మెయిల్‌లో పంపుతారా' అని అడగండి. ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, జాయినింగ్ బోనస్ ఉంటే ఎన్నాళ్లలో మానేస్తే తిరిగి కట్టాలి, ఇవి చూశాకే మాట్లాడండి.

మర్యాదగా అడిగితే ఆఫర్ పోదు. 'ఈ పాత్రకి, నా నాలుగేళ్ల అనుభవానికి ఫిక్స్‌డ్ ఇంత ఆశిస్తున్నాను' అని ఒక అంకె చెప్పి, అందుకు ఒక కారణం చెప్పి ఆగిపోండి. ఇంట్లో ఖర్చులు, హోమ్ లోన్ కారణంగా చెప్పకండి, ఆటోమేషన్‌లో మీరు చేసిన పని చెప్పండి. ఇప్పుడొస్తున్న జీతం పెంచి చెప్పకండి, పేస్లిప్పులు ఎలాగూ అడుగుతారు. నోటీసు పీరియడ్ 90 రోజులైతే 90 అనే చెప్పండి. 30 రోజుల్లో వచ్చేస్తానని మాటిచ్చి తర్వాత నీళ్లు నమలడం వల్ల పోయిన ఆఫర్లు, బేరం వల్ల పోయినవాటికన్నా ఎక్కువ. కొత్త ఆఫర్ లెటర్ చేతికి రాకుండా పాత చోట రాజీనామా మాత్రం పెట్టకండి.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పాప పుట్టాక మానేశాను, ఆరేళ్లయింది. అంతకుముందు డేటాబేస్ సపోర్ట్‌లో ఐదేళ్లు చేశాను. ఒక ఇంటర్వ్యూలో 'పాపని ఎవరు చూసుకుంటారు, ఇంకో బిడ్డ ఆలోచన ఉందా' అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక తలదించుకుని వచ్చేశాను. మళ్లీ ప్రయత్నించాలని ఉంది, ధైర్యం చాలట్లేదు.
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: తలదించుకోవాల్సింది మీరు కాదమ్మా. ఆ ప్రశ్న అడిగినవాళ్లది తప్పు. మగవాళ్లని ఎవరూ అడగని ప్రశ్న మిమ్మల్ని అడగకూడదు. చాలా పెద్ద కంపెనీల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ఇలాంటివి అడగొద్దని ట్రైనింగ్ ఇచ్చి మరీ చెప్తారు. అయినా అడిగే మనిషి ఎదురైతే, వివరాల్లోకి వెళ్లకుండా 'ఈ ఉద్యోగానికి కావాల్సిన టైమింగ్స్‌కి నాకు ఇబ్బంది లేదు, ఇంట్లో ఏర్పాట్లు చేసుకున్నాను' అని నెమ్మదిగా, నవ్వుతూ చెప్పి మీ పని వైపు మాట తిప్పేయండి. అంతకుమించి మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మెటర్నిటీ సెలవు మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు చట్టం ఇచ్చిన హక్కు, 2017 సవరణ నుంచి ఉంది, అది ఇంటర్వ్యూలో బేరానికి పెట్టే సంగతి కాదు.

ఆరేళ్ల ఖాళీ గురించి ఒకటిన్నర వాక్యం చాలు: పాప కోసం మానేశాను, ఇప్పుడు పూర్తిస్థాయిలో రావడానికి సిద్ధం. దాని మీద ఎక్కువసేపు మాట్లాడితే అదే ఇంటర్వ్యూ అయి కూర్చుంటుంది. వెంటనే ఈ మధ్య మీరు నేర్చుకున్నదానికి వెళ్లండి. డేటాబేస్‌లో మీకు ఐదేళ్ల పునాది ఉంది. ఎస్‌క్యూఎల్ మారలేదు, దాని చుట్టూ క్లౌడ్ వచ్చింది. కాబట్టి అజూర్‌లోనో ఏడబ్ల్యూఎస్‌లోనో ఉచిత అకౌంట్ తెరిచి, ఒక చిన్న డేటాబేస్ పెట్టి, బ్యాకప్ తీయడం, తిరిగి రిస్టోర్ చేయడం, నెమ్మదిగా నడిచే క్వెరీకి ఇండెక్స్ వేసి తేడా చూడటం మీ చేత్తో చేయండి. తర్వాత మీ పాత అనుభవంలోంచి ఒక సంఘటన గుర్తు తెచ్చుకోండి. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి మీరు లేపిన రోజు ఒకటి తప్పకుండా ఉండే ఉంటుంది. అప్పుడు పరిస్థితి ఏమిటి, మీ మీద పడిన బాధ్యత ఏమిటి, మీరు వరసగా ఏమేం చేశారు, చివరికి ఎంతసేపట్లో మళ్లీ నడిచింది, ఈ నాలుగు ముక్కలుగా చెప్పడం ప్రాక్టీస్ చేయండి. పెద్ద కంపెనీలన్నీ 'ఎప్పుడైనా ఇలాంటిది ఎదురైందా' అని అడిగే ప్రశ్నలకి ఇలా నాలుగు ముక్కలుగా వచ్చే జవాబుకే మార్కులు వేస్తాయి. మీ దగ్గర అలాంటి నిజమైన కథలు ఫ్రెషర్ల కన్నా ఎక్కువే ఉన్నాయి.

మానేసిన ఆడవాళ్లని తిరిగి తీసుకోవడానికే కొన్ని పెద్ద కంపెనీలు ప్రత్యేక కార్యక్రమాలు పెట్టాయి. కెరీర్స్ పేజీలో 'రిటర్న్‌షిప్' అని వెతకండి. మీతో పనిచేసిన పాత సహోద్యోగులకి మెసేజ్ పెట్టండి, మొహమాటపడకండి. రెఫరల్ (తమ కంపెనీలో మీ పేరు సిఫారసు) ఇచ్చే అవకాశం ఉన్నవాళ్లు సంతోషంగానే ఇస్తారు.

ప్రశ్న: నా ఇంటర్వ్యూ ఒక రౌండు ఆన్‌లైన్‌లో, ఒకటి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఉప్పల్ నుంచి వెళ్లాలి. టై కట్టుకోవాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: టై అక్కర్లేదు, ఇస్త్రీ చేసిన షర్టు, శుభ్రమైన బూట్లు చాలు. మెట్రో ఉప్పల్‌లో ఎక్కితే రాయదుర్గం దాకా రైలు మారే పని లేదు, కానీ అదే చివరి స్టేషను, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి ఆటోనో క్యాబో బస్సో పట్టుకోవాలి. ఉదయం పూట ఆ చివరి ముక్కకే ఎక్కువ సమయం పోతుంది, వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. అరగంట ముందు గేటు దగ్గర ఉండేలా బయల్దేరండి, సెక్యూరిటీ దగ్గర ఎంట్రీ, విజిటర్ పాస్‌కే టైమ్ పడుతుంది. ఒరిజినల్ ఐడీ కార్డు, రెజ్యూమే రెండు కాపీలు మర్చిపోవద్దు.

ఆన్‌లైన్ రౌండుకి వెనక గోడ ఖాళీగా ఉన్న చోటు, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. పక్క స్క్రీన్‌లో ఏఐ టూల్ పెట్టుకుని జవాబులు చదివే అలవాటు ఈ మధ్య బాగా పెరిగింది, దయచేసి ఆ పని చేయకండి. కళ్లు ఒక వరసలో కదులుతుంటే, ప్రతి జవాబుకీ ముందు ఒకే వ్యవధి ఆగుతుంటే అవతలివాళ్లకి రెండో ప్రశ్నకే అర్థమైపోతుంది. ఏఐతో ప్రాక్టీస్ మాత్రం ఎంతైనా చేయండి, 'నన్ను జావా ఇంటర్వ్యూ చెయ్' అంటే ఓపిగ్గా అడుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. మూడు పెద్ద కంపెనీల్లో చివరి రౌండు దాకా వెళ్లి ఆగిపోయాడు. కారణం అడిగితే మెయిల్‌కి జవాబు లేదు. వాడు ఫోన్‌లో సరిగ్గా మాట్లాడట్లేదు. ఏం చెప్పాలో మాకు తెలియట్లేదు.
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: అన్నగారూ, చివరి రౌండు దాకా వెళ్లాడంటే మీ అబ్బాయికి సత్తా ఉందని ఆ కంపెనీలే ఒప్పుకున్నట్టు, ముందు ఈ మాట వాడికి మీ నోటితో చెప్పండి. చివర్లో ఒక సీటుకి ముగ్గురు బాగున్నవాళ్లు మిగిలితే ఇద్దరు వెనక్కి రావాల్సిందే. ఒక్కోసారి ఆ సీటే రద్దవుతుంది. కారణం రాసి పంపే అలవాటు చాలా కంపెనీలకి లేదు, అది వాడి మీద చిన్నచూపుతో కాదు.

చేయాల్సింది ఒకటుంది. ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే, గుర్తున్న ప్రతి ప్రశ్నా, తను చెప్పిన జవాబూ నోట్‌బుక్‌లో రాయమనండి. మూడు ఇంటర్వ్యూలవి పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఆగుతున్నాడో సాధారణంగా కనపడిపోతుంది. మూడు చోట్లా చివరి రౌండే కాబట్టి నాకు అనుమానం కోడింగ్ మీద కాదు. మేనేజర్ అడిగే 'గొడవ వస్తే ఏం చేశావు, ఎందుకు ఈ కంపెనీ' లాంటి ప్రశ్నల మీద. పిల్లలు వాటిని తేలిగ్గా తీసుకుని ఏమీ తయారవ్వకుండా వెళ్తారు. నిజాంపేట పాఠకురాలికి పైన చెప్పిన నాలుగు ముక్కల పద్ధతి వాడిని చదవమనండి. చాలా కంపెనీలు ఆరు నెలలో ఏడాదో ఆగాక మళ్లీ దరఖాస్తు తీసుకుంటాయి, ఆ తేదీలు క్యాలెండర్‌లో పెట్టుకోమనండి.

ఫోన్‌లో రోజూ 'ఏమైంది, కాల్ వచ్చిందా' అని అడగకండి. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ సంగతి అసలు ఎత్తకండి. వీలైతే ఈ ఆదివారం వాడిని ఇంటికి రమ్మనండి, ఆ ఒక్క పూటా ఇంటర్వ్యూ మాట రాకుండా చూడండి. నోట్‌బుక్ సంగతి వాడు తిరిగి బస్సెక్కేటప్పుడు చెప్పొచ్చు.